యాభై పలికిన మంద

దొడ్డి పక్క ఇల్లు
బుధవారం

మా మరదలు పిల్లకి,

కబేళాలో ఉద్యోగం దొరికిందని నువ్వు గంతులేసిన రోజున "ఆడపిల్ల చేసే పనేనా అది" అని నిన్ను సాధించిన నోటితోనే ఇప్పుడు నీ సాయం అడుగుతున్నాను. కడుపారా నవ్వుకో. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

మీ మేనేజరు మన దొడ్డికి వచ్చాడు. మందంతా తిరిగి చూశాడు. పొట్టేళ్ళ నడుములు పట్టి చూసి, దవడలు తెరిచి పళ్ళు చూసి, చివరికి మూడు లారీలు పంపమన్నాడు. మూడో లారీకి దిగుబడి నలభై ఎనిమిది శాతం దాటితే ఏడాది పొడవునా మన దగ్గరే కొంటారట. దాటకపోతే మన దారి మనం చూసుకోవాలి. ఆ కాటా దగ్గర కూర్చునేది మా ఇంటి ఆడపిల్లేనని ఆయనకు తెలియదు. మేమూ చెప్పలేదు.

ఈ ఒప్పందం కుదరకపోతే మంద అమ్మేసి మళ్ళీ లారీ తోలతానంటున్నారు మీ అన్నయ్య. ఆ నడుముతోనా! పోయినసారి లారీ దిగిన మనిషి మంచం దిగడానికి ఎంతకాలం పట్టిందో నీకు తెలుసు, సగం సేవ నువ్వే చేశావు. గోడ పట్టుకుని నడిచిన మనిషి ఇప్పుడు గొర్రెల వెనక పరిగెత్తుతున్నాడంటే అది ఈ మంద చలవే. నాకు ఇంకేం అక్కర్లేదు, ఆయన మళ్ళీ ఆ స్టీరింగు ముందు కూర్చోకుండా ఉంటే చాలు.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్ ఎత్తానంటే మీ అన్నయ్య చెవులు ఇటే ఉంటాయి. చెల్లెలి చేత సిఫారసు చేయించుకున్నాడన్న మాట ఆయన పడరు. ఉత్తరాలైతే విప్పరు. "మీ ఇద్దరి చాడీలు నాకెందుకు" అంటారు. అందుకని చాడీలే అనుకోనిద్దాం.

మొదటి లారీ శుక్రవారం బయల్దేరుతుంది. ఎలా వచ్చిందో రాయి.

నీ వదిన

*

కబేళా వెనక వీధి, మేడ మీది గది
ఆదివారం

వదినా,

నవ్వాను. బాగా నవ్వాను. ఇల్లుగలావిడ "ఏమైందమ్మా" అని మెట్లెక్కి వచ్చింది. వచ్చినావిడ ఊరికే పోకుండా, నా రబ్బరు బూట్లు గుమ్మం దగ్గర కాదు, కింద మెట్ల మీదే వదలాలని మళ్ళీ గుర్తుచేసి వెళ్ళింది. వాసనట. మూడుసార్లు కడిగాను ఆ బూట్లని.

ఇక అసలు సంగతి. నలభై నాలుగు. కంగారు పడకు, చెబుతాను.

దిగుబడి అంటే ఏమీ లేదు. గొర్రె ప్రాణంతో ఉన్నప్పుడు ఎంత తూగింది, తలా తోలూ కాళ్ళూ పేగులూ తీసేశాక కొక్కేనికి ఎంత వేలాడింది. మేము కొనేది బతికున్న బరువు మీద, అమ్మేది కొక్కెం మీది బరువు. మధ్యలో పోయేదంతా మేనేజరు గుండెల్లోంచి పోతున్నట్టే ఉంటుంది ఆయనకి. నువ్వు పంపినవి పొద్దున్నే పచ్చిగడ్డి దట్టంగా మేసి వచ్చాయి. పొట్ట కోస్తే గంపెడు గడ్డి. పైగా వానలో తడిసిన బొచ్చు. తడి బొచ్చు ఎంత బరువుంటుందో నీకు తెలుసా? "వీళ్ళు గొర్రెల్ని పంపారా, గడ్డీ వాన నీళ్ళూ పంపారా" అన్నాడు మేనేజరు. నేను అటు తిరిగి తూకాలు రాసే పలక తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఇంకోటి. మధ్యలో రెండు ముసలి ఆడగొర్రెలు ఎందుకొచ్చాయి? ఈనీ ఈనీ పొట్ట జారినవి. ఎముకా పేగూ తప్ప వాటిలో ఏముంటుంది? కొన్నింటికి తొడల మీద కర్ర దెబ్బలున్నాయి. కమిలిన చోటల్లా కోసి పారేస్తారు, అదీ బరువులోంచే పోతుంది. లారీ ఎక్కించేటప్పుడు కర్ర వాడొద్దని అన్నయ్యకి చెప్పు. చెప్పేదేంటిలే, ఆయన వాడడు, లారీ వాడే వాడుంటాడు.

ఈసారి ఇలా చెయ్యి. ఒకే ఈడు పొట్టేళ్ళని ఏరు. బొచ్చు కత్తిరించు. బయల్దేరే ముందు ఒక పూట మేత ఆపు. నీళ్ళు మాత్రం ఆపకు. ఇక్కడ దిగగానే మేమూ నీళ్ళు పెడతాం, కాసేపు నీడలో పడుకోనిస్తాం, ఆ తర్వాతే కాటా ఎక్కిస్తాం. అది ఇక్కడి పద్ధతి.

మీ మరదలు

*

దొడ్డి పక్క ఇల్లు
మంగళవారం

మరదలా,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో యుద్ధమే. బొచ్చు కత్తిరిద్దామంటే మీ అన్నయ్య "ఇప్పుడా, చలికి వణికిపోవూ" అంటారు. కబేళాకి పోయే గొర్రెకి చలేంటండీ అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు. ఆయన నావైపు అదోలా చూసి కత్తెర తీసుకున్నారు. రోజంతా ఇద్దరం కలిసి కత్తిరించాం. సాయంత్రానికి అవన్నీ నున్నగా, సిగ్గుపడుతున్నట్టు ఒక మూల చేరి నిలబడ్డాయి. ఆయనే నవ్వారు.

ముసలి ఆడగొర్రెలు వెళ్ళింది నా వల్లే. సంఖ్య తక్కువైందని నేనే తోలించాను. ఆయనకి చెప్పకు. ఇప్పటికే నాకు గొర్రె అంటే తెలియదని అందరి ముందూ ఎగతాళి చేస్తారు.

మన పక్క దొడ్డి పెద్దాయన వచ్చి చూసిపోయాడు. నీకు గుర్తున్నాడా, నువ్వు చిన్నప్పుడు గొర్రెపిల్లని ఎత్తుకుని పరిగెత్తితే వెంటపడ్డాడని చెప్పేదానివి, ఆయనే. ఆయన కూడా మీ మేనేజరుకి ఒక లారీ పంపాలనుకుంటున్నాడు. "ముందు మీకు కుదరనీ అమ్మా, ఆ తర్వాత నేనొస్తా" అన్నాడు. అంత మంచితనం ఈ రోజుల్లో ఎక్కడుంది చెప్పు.

రెండో లారీ ఇవాళ పొద్దున్నే వెళ్ళింది. ఒక పూట మేత ఆపాం. రాత్రంతా అరుస్తూనే ఉన్నాయి పాపం. నీళ్ళు మాత్రం నిండా తాగాయి.

వదిన

*

మేడ మీది గది
శనివారం

వదినా,

నలభై ఏడు.

నేనైతే పలక మీద అంకె చూసి లోలోపలే ఈల వేశాను. మేనేజరు మాత్రం పెదవి విరిచాడు. "మంచిదే, కానీ నలభై ఎనిమిది అంటే నలభై ఎనిమిదే" అన్నాడు. ఒక్కటంటే ఒక్క శాతం! దున్నపోతులా నిలబడి ఆ ఒక్కటి దగ్గర కదలడే మనిషి.

ఇక నువ్వు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. జాతి మార్చలేం. కొవ్వు పట్టేదాకా ఇంకో రెండు నెలలు గింజ పెట్టి మేపితే పెరుగుతుంది, కానీ మూడో లారీకి అంత గడువు లేదు. ఉన్నవాటిలో తొడ నిండినవి ఏరు. అంతే.

కొందరు వేరే పనులు చేస్తారులే. మేతతో పాటు నీళ్ళు కూడా ఆపేస్తారు. ఒంట్లో తడంతా లాగేసుకుంటుంది, బతికున్న బరువు గభాలున పడిపోతుంది, అంకె పైకి లేస్తుంది. అది ఉత్తుత్తి పెరుగుదల. మా దగ్గరైతే దిగగానే నీళ్ళు పెడతాం కాబట్టి ఆ వేషాలు సాగవు, కాటా దగ్గర ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుంటే తప్ప. నువ్వు అలాంటివి చేయవు కాబట్టే రాస్తున్నాను. మా పని ఎలా ఉంటుందో నీకు తెలియాలని.

అన్నయ్య నడుము ఎలా ఉంది? పడుకునేటప్పుడు మోకాళ్ళ కింద దిండు పెట్టుకుంటున్నాడా?

మరదలు

*

దొడ్డి పక్క ఇల్లు
గురువారం

మరదలా,

ఇక్కడంతా బాగానే ఉన్నాం. ఎండలు ముదిరాయి. మీ అన్నయ్య రెండు రోజులుగా ఇంట్లో లేరు, పాత లారీ ఓనరుని కలవడానికి వెళ్ళారు. "ముందు జాగ్రత్త, అడిగి ఉంచడంలో తప్పేముంది" అన్నారు. వెళ్ళేటప్పుడు బెల్టు కట్టుకోవడం మర్చిపోయారు, నేను వెనక పరిగెత్తి ఇచ్చాను.

లారీ పొద్దున్నే వెళ్ళిపోయింది. ఈసారి గొర్రెలు ఏమీ గోల చేయలేదు. చాలా బుద్ధిగా ఎక్కాయి. లారీ వాడు కూడా ఆశ్చర్యపోయాడు.

మనింటి గుమ్మం తలుపు చెక్క ఎండకి వంగిపోయింది, వేస్తే పడటం లేదు. వడ్రంగికి చెప్పాలి. ఇంకేం రాయాలో తోచడం లేదు.

వదిన

*

మేడ మీది గది
ఆదివారం

వదిన గారికి,

యాభై వచ్చింది. ఒప్పందం కుదిరింది. మేనేజరు కాగితాలు పంపుతాడు.

దిగేటప్పుడు తోపులాటలో ఒక పొట్టేలు కింద పడింది, మిగతావి దాని మీంచి వెళ్ళాయి. అది నిలబడలేదు.

దారిలో నీళ్ళు పెట్టారా అని అడుగుదామనుకున్నాను. జవాబు రాయకపోయినా పర్లేదు.

అన్నయ్యకి నా తరఫున సంతోషం అని చెప్పండి.

మీ మరదలు

*

దొడ్డి పక్క ఇల్లు
సోమవారం

మరదలికి,

నన్ను ఎప్పట్నుంచి "గారు" అంటున్నావు? ఆ ఒక్క మాట చూసి ఉత్తరం పక్కన పెట్టేశాను. మిగతాది చదవడానికి ధైర్యం చాలలేదు.

మీ అన్నయ్య కాళ్ళు నేల మీద నిలవడం లేదు. కనిపించిన ప్రతివాడికీ "నా మంద యాభై పలికింది" అని చెప్పుకుంటున్నారు. లారీ ఓనరుకి రానని చెప్పేశారు. నాకు కొత్త చెప్పులు కొన్నారు, పాతవి అరిగాయని కాదు, "నీ చెయ్యి మంచిది" అట. అవి వేసుకుని నడుస్తుంటే నా కాళ్ళు నావి కావేమో అనిపిస్తోంది.

నీళ్ళు పెట్టలేదు. దారిలోనే కాదు, ఆయన ఊరెళ్ళిన దగ్గర్నుంచీ పెట్టలేదు. తొట్టికి వచ్చే గొట్టం నేనే కట్టేశాను. మొదటి రోజు అరిచాయి. రెండో రోజు తొట్టి అడుగున ఇనుము నాకాయి. ఆ తర్వాత అరవలేదు. బుద్ధిగా ఎక్కాయని నీకు రాశానే, అది బుద్ధి కాదు. వాటికి ఓపిక లేదు.

"నువ్వు చేయవు కాబట్టే రాస్తున్నాను" అన్నావు. అది చదివిన నిమిషమే నాకు తెలిసింది నేను చేస్తానని. నీకు మాత్రం తెలియదా? తెలియకపోతే ఎందుకు రాశావు? కాటా దగ్గర కళ్ళు మూసుకోవడం సంగతి ఎందుకు రాశావు? నా మీద కోపంతో గారూ గీరూ అంటున్నావు గానీ, నీ ఉత్తరాన్ని నువ్వొకసారి మళ్ళీ చదువుకుంటే బావుండేది.

అసలు చావు ఇంకోటి ఉంది. కాగితాలు వచ్చాయి. మూడో లారీకి ఎంత వచ్చిందో అదే ఏడాదంతా గీత అట. నలభై ఎనిమిది కాదు, యాభై. ప్రతి లారీకీ యాభై రావాలి. మీ అన్నయ్య చదివి, "రాకేం, మన గొర్రెలకి వస్తుంది" అని నవ్వుతూ సంతకం పెట్టేశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

వచ్చే లారీ పదిహేను రోజుల్లో. నేనేం చెయ్యను?

వదిన

*

మేడ మీది గది
గురువారం

వదినా,

తెలుసు. నువ్వు చేస్తావని తెలిసే రాశాను. రాసి, చించేద్దామని చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుని, అతికించి పంపాను. ఎవరైనా అడిగితే "వద్దని రాశాను కదా" అని చెప్పుకోవచ్చు. అంత తెలివిగా రాశాను. అన్నయ్య గోడ పట్టుకుని నడిచిన రోజులు నా కళ్ళ ముందే ఉన్నాయి, నీకొక్కదానికే కాదు.

నువ్వు ఒక గొట్టం కట్టేస్తే నేను ఇంకోటి కట్టేశాను. మీ లారీ రావడం చూశాను. తలుపు తీయగానే తెలిసిపోయింది, కళ్ళు లోపలికి పోయి, నాలుకలు నల్లబడి ఉన్నాయి. కబేళా దొడ్డిలో తొట్టి నింపే ముసలాయన కుళాయి తిప్పబోయాడు. "ముందు తూకం అయిపోనీ తాతా, ఇవాళ పని ఎక్కువ" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, చెయ్యి తీసేసి, వెళ్ళి గోడ నీడలో కూర్చున్నాడు. ఖాళీ తొట్టి చూసి గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ పొట్టేలు అలా పోయింది. నేను రాసిన "తోపులాట" అదే.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. అంకె పెరిగింది గానీ మాంసం పెరగలేదు వదినా, తగ్గింది. రెండో లారీలో కొక్కేనికి పద్దెనిమిది కిలోల దాకా వేలాడిన గొర్రె, మూడో లారీలో పదిహేడే వేలాడింది. నీళ్ళు లేక కండ కూడా ఎండిపోయింది, ముదురు రంగుకి తిరిగి జిగటగా అయింది. కొక్కెం మీది బరువు తగ్గినదానికంటే బతికున్న తూకం ఎక్కువ తగ్గింది కాబట్టి శాతం లేచింది. ఇంత లెక్క వచ్చినదాన్ని, ఇంత సిగ్గుమాలిన లెక్క ఎందుకు చేశానో తెలియదు.

వచ్చే లారీకి ఏం చెయ్యాలని నన్ను అడగకు. నాకు చెప్పే మొహం లేదు. నీళ్ళు పెట్టమంటే అన్నయ్య లారీ ఎక్కుతాడు. పెట్టొద్దని నా చేత్తో రాయలేను.

మరదలు

*

దొడ్డి పక్క ఇల్లు
శుక్రవారం

మరదలా,

నువ్వు రాయకపోయినా చేశాను. ఒకసారి కాదు, రెండు లారీలకి చేశాను. మీ అన్నయ్యని ఏదో పని మీద బయటికి పంపడం, గొట్టం కట్టేయడం. రెండిటికీ యాభై వచ్చింది. అంటే నువ్వూ చేశావు. మనం ఒకళ్ళకొకళ్ళం ఏమీ రాసుకోలేదు, భలే కలిసి పనిచేశాం.

ఇప్పుడు రాస్తున్నది ఎందుకంటే, పక్క దొడ్డి పెద్దాయన కూడా లారీ పంపాడు, బేరం కుదరలేదు. నలభై ఆరట. మీ మేనేజరు "మీ పక్క దొడ్డి వాళ్ళకి యాభై వస్తుంటే మీకేం రోగం" అన్నాడట. ఆయన కాటా కిటికీ దగ్గర నిలబడి నిన్నే అడిగానన్నాడు, "అమ్మా, వాళ్ళ గొర్రెలు ఏం తింటాయి?" అని. నువ్వు తెలియదన్నావట. ఆయన నిన్ను పోల్చుకోలేదు. ఎత్తుకుపోయిన గొర్రెపిల్ల కూడా గుర్తుండకపోవచ్చు.

తెలియదంటే ఊరుకుంటాడా, నేరుగా మనింటికి వచ్చాడు. మీ అన్నయ్య ఆయన్ని కూర్చోబెట్టి, దాచుకోకుండా అన్నీ చెప్పారు. మేత చెప్పారు, బొచ్చు చెప్పారు, ఒక పూట పస్తు చెప్పారు. నేను టీ తెచ్చి పక్కన నిలబడ్డాను. పెద్దాయన ఒక్కొక్కటీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. అన్నీ చేసి మళ్ళీ పంపాడు. నలభై ఏడు. అసలు గీతైనా దాటలేదు గానీ, మనకి నీళ్ళతో వచ్చింది కూడా అంతే కదా! ఆయన గొర్రెలు మన గొర్రెల్లాంటివే.

నిన్న మళ్ళీ వచ్చాడు. మీ అన్నయ్య చాలాసేపు ఆలోచించి, మనసారా చెప్పారు. "మేపులో లోపం లేదు పెద్దాయనా. జాతిలోనే ఉంది. నేను దాచను. ఈ మంద అమ్మేసి వేరే జాతి పెట్టుకో" అన్నారు.  ఆ మంద పెద్దాయన వాళ్ళ నాన్న కట్టింది. పొట్టేలుని బయటినుంచి తెచ్చుకోవడమే తప్ప, ఆడగొర్రెని ఎప్పుడూ అమ్మలేదు ఆయన. "నువ్వు చెప్పావంటే అంతే బాబూ" అని లేచాడు.

అమ్మేస్తాడు. బేరగాడు వచ్చే వారం వస్తాడట.  చెబితే మీ అన్నయ్య ఏమవుతారో అని ఒక పక్క, చెప్పకపోతే పెద్దాయన ఏమవుతాడో అని ఇంకో పక్క. ఎల్లుండి మన లారీ. గొట్టం ఈసారి కూడా కట్టేశాను, చేతులు వాటంతట అవే కట్టేశాయి.

వదిన

*

మేడ మీది గది
మంగళవారం

వదినా,

కుళాయి తిప్పేశాను.

మీ లారీ తలుపు తీశారు, ముసలాయన ఎప్పట్లాగే గోడ నీడకి వెళ్ళబోయాడు. ఆయనకి అలవాటైపోయింది, అది చూసి నాకు తల కొట్టేసినట్టయింది. నేనే దిగి వెళ్ళి తిప్పాను. ఎంతసేపు తాగాయో చెప్పలేను. తలెత్తలేదు. తాగినంతసేపూ తాగనిచ్చి, పడుకోనిచ్చి, అప్పుడు తూచాను. ఎండిన కండ, పొట్టనిండా నీళ్ళు, నలభై అయిదే వచ్చింది.

మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఆ దొడ్డి మా అన్నయ్యదని, యాభై వచ్చిన ప్రతిసారీ నీళ్ళు పెట్టకుండా తూచానని. నువ్వు చేసింది చెప్పలేదు. నీది నువ్వు చెప్పుకోవాలి. ఆయనకి నీళ్ళ సంగతి పెద్దగా పట్టలేదు వదినా. చుట్టరికం దాచానని మాత్రం మండిపడ్డాడు. ఆ ఒప్పందం రద్దన్నాడు. నన్ను కాటా నుంచి తీసి పేగులు కడిగే చోట వేశాడు. "మరి మిగతావాళ్ళకి గీత తగ్గిస్తారా సార్" అని అడిగాను. "యాభై బాగానే ఉందిగా, ఉండనీ" అన్నాడు. ఉండనీ అట! మనం గీసిన గీత అది, ఇక ఎవరెవరు ఎన్ని తొట్లు ఎండబెడతారో.

నేను ఏడుస్తూ రాయడం లేదు. పేగులు కడగడం నాకు వచ్చిన పనే, మొదట్లో అక్కడే చేరాను. బాధంతా ఆ పెద్దాయన గురించే. కిటికీ దగ్గర తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడి అడిగాడు. తెలియదన్నాను. ఆ మాట నన్ను తినేస్తోంది.

ఈ ఉత్తరం అందగానే అన్నయ్యకి చెప్పు. ఆయన ఏమైనా అననీ, ఏమైనా కానీ. బేరగాడు రాకముందే చెప్పు.

మరదలు

*

దొడ్డి పక్క ఇల్లు
ఆదివారం

మరదలా,

చెప్పాను. నీ ఉత్తరం చేతిలో పట్టుకునే వెళ్ళాను. ఆయన దొడ్డి కంచె బిగిస్తున్నారు. కబేళా వాళ్ళ ఫోన్ అప్పటికే వచ్చింది, ఒప్పందం పోయిందని తెలుసు, ఎందుకు పోయిందో తెలియదు. ఎండ ఎక్కువై గొర్రెలు డీలాపడ్డాయేమో అని తనకి తానే ఏదో సర్దిచెప్పుకుంటున్నారు. నేను మొదటినుంచీ చెప్పుకొచ్చాను. నీ మాట కూడా చెప్పాను, కానీ గొట్టం కట్టింది నేనేనని ముందు చెప్పాను.

ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. ఒప్పందం గురించి ఒక్క ముక్క అనలేదు. "పెద్దాయనకి నేను నా నోటితో చెప్పాను, నీ జాతి మంచిది కాదని" అన్నారు. అదే మాట రెండుసార్లు అన్నారు. సుత్తి కింద పడేసి పక్క దొడ్డి వైపు పరిగెత్తారు. ఆ నడుముతో పరిగెత్తొద్దని అరవబోయి ఊరుకున్నాను. ఏ మొహం పెట్టుకుని అరవను?

వెనకే వెళ్ళాను. దొడ్డి తలుపు బార్లా తీసి ఉంది. బేరగాడు ముందు రోజే వచ్చి మొత్తం తోలుకుపోయాడు. వారం చివరికి గానీ రాడనుకున్నాం. ఎవరికి అమ్మాడో ఎటు వెళ్ళాయో పెద్దాయనకి తెలియదు. లోపల ఆయన ఒక్కడే చీపురు పట్టుకుని పెంట ఊడుస్తున్నాడు. గొర్రెల్లేని దొడ్డి ఊడవడం ఎందుకని నేను అడగలేదు.

మీ అన్నయ్య ఆయన చెయ్యి పట్టుకున్నారు. "పెద్దాయనా, నీ గొర్రెలు మంచివి. మా గొర్రెలకి యాభై రాలేదు. అది దొంగ లెక్క. నీళ్ళు పెట్టకుండా పంపాం. నీకు వచ్చిన నలభై ఏడే నిజం, నాకూ అంతే వచ్చేది" అన్నారు.  నేను పక్కకొచ్చి "నేనే చేశాను, ఆయనకి తెలియదు" అన్నాను. వినపడేలాగే అన్నాను.

పెద్దాయన చీపురు గోడకి ఆనించాడు. మమ్మల్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన కళ్ళలో కోపం వస్తుందని ఎదురుచూశాను, మరదలా. రావాలని కోరుకున్నాను. తిడితే పడి, ఇంటికొచ్చి ఏడ్చుకునేదాన్ని.

లారీ ఓనరుకి మీ అన్నయ్య మళ్ళీ కబురు పంపారు, రేపే ఎక్కుతున్నారు. బెల్టు నేను కడతానంటే కట్టనివ్వలేదు, తనే కట్టుకుని చూసుకున్నారు. నాతో మాట్లాడుతున్నారు, అన్నం ఉందా, తలుపు వేశావా, అంతవరకే. మంద ఉంటుంది, నేను చూసుకోవాలి. తొట్టి రోజుకి ఎన్నిసార్లు చూస్తున్నానో నాకే తెలియదు. ఇవన్నీ మధ్యలో ఎందుకు రాస్తున్నానంటే, పెద్దాయన అన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆయన మీ అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి, నవ్వి, అన్నాడు కదా, "ఊరుకో బాబూ. నాకు ధైర్యం చెప్పడానికని బంగారంలాంటి మందని అంత తక్కువ చేసుకుంటారా ఎవరైనా?"

వదిన